అతుక్కున్న అంకె

తుమ్మలేటి ఆనకట్ట కంట్రోలు రూములో కోదండపాణి అనే ఇంజనీరు ఉండేవాడు. పనిలో దిట్ట. కానీ తను చేసిన దాంట్లో ఎవరైనా లోటు చూపిస్తే, ఆ లోటు చూసేవాళ్ళ కళ్ళలోనే ఉందనేవాడు.

వరదను లెక్కగట్టే ప్రోగ్రాం అతను రాసిందే. కంప్యూటరులో ఒక చిన్న ఆజ్ఞ టైపు చేస్తే, పైనుంచి వచ్చే నీరు దిగువనున్న మొల్లపాడు ఇసుక తిన్నెను ఇంకా ఎన్ని గంటల్లో ముంచుతుందో చెప్పేది. ఉత్త సంఖ్య మాత్రమే చూపించేది, పక్కన ఇంకొక మాట ఉండేది కాదు. ఆ తర్వాత, ఇంకో ఆజ్ఞకు సిద్ధంగా ఉన్నానని ఒక గుర్తు చూపించేది. దాన్ని ప్రాంప్టు అంటారు. ఆ ఏటి మీద నాలుగు కేంద్రాలుండేవి. ఇది నాలుగోది కాబట్టి కోదండపాణి ఇక్కడి ప్రాంప్టుగా 4 అనే అంకె పెట్టాడు.

చిక్కల్లా ఒకటే. సంఖ్య చూపించాక కంప్యూటరు కింది వరుసలోకి దిగేది కాదు. ప్రాంప్టు వచ్చి ఆ సంఖ్యకే అతుక్కునేది. ఇరవై ఆరు గంటలుంటే తెర మీద 264 అని కనపడేది. చివరి నాలుగును వదిలేసి చదువుకోవాలి.

ఆపరేటరు పుష్పవల్లికి ఈ పద్ధతి మొదటి వారంలోనే భయం పుట్టించింది.

"సార్, ప్రాంప్టు ఎప్పుడూ కొత్త వరుసలో మొదలయ్యేలా చెయ్యండి," అని అడిగింది.

"ఆ సంఖ్యను పై ఆఫీసులో ఇంకో ప్రోగ్రాం చదువుకుంటుందమ్మా. దాని వెనక ఇంకేమీ చేర్చకూడదు."

"సంఖ్యను ముట్టుకోవద్దు సార్. ప్రాంప్టుకే చెప్పొచ్చుగా. వరుస మధ్యలో ఉంటే ముందు కిందికి దిగి, అప్పుడు కనపడమని."

ఆమె చెప్పింది సరైనదేనని కోదండపాణికి వెంటనే అర్థమైంది. తనకు తట్టనిది ఆమెకు తట్టడమే అతనికి నచ్చలేదు.

"రెండేళ్ళుగా ఎవరూ తప్పు చదవలేదు. మీరూ అలవాటు చేసుకోండి," అన్నాడు.

వానాకాలం ముందు ఆమె మళ్ళీ అడిగింది. ఈసారి రిజిస్టరులో రాసి ముందు పెట్టింది. అతను కింద సంతకం చేసి, పక్కకు నెట్టేశాడు.

కార్తీకమాసంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఎడతెగని వాన. మొల్లపాడు దగ్గర బాతులు మేపుకునే పోలయ్య కుటుంబం ఇసుక తిన్నె మీద గుడారాలు వేసుకుని ఉంది. ముందుగా కోతలైన పొలాల్లో వాళ్ళ బాతులు రాలిన గింజలు ఏరుకుని తినేవి. వరదొస్తే కబురు చెయ్యాల్సిన వాళ్ళలో పోలయ్య ఫోను నంబరు కంట్రోలు రూము గోడ మీద మొదటిది.

ఆ ఉదయం లెక్క ఇరవై ఆరు గంటలు. మధ్యాహ్నానికి పద్దెనిమిదికి తగ్గింది. మూడు గంటలప్పుడు గేట్ల దగ్గరున్న వాళ్ళకి సాయంగా పుష్పవల్లి వెళ్ళాల్సి వచ్చింది. ఆమె కుర్చీలో కోదండపాణి కూర్చున్నాడు. ఆజ్ఞ టైపు చేశాడు. తెర మీద 14 కనపడింది.

ఇరవై ఆరు, పద్దెనిమిది, పద్నాలుగు. తను అనుకున్నట్టే తగ్గుతోందనిపించింది. వెంటనే పోలయ్యకు ఫోను చేశాడు.

"పోలయ్యా, ఆనకట్ట నుంచి ఇంజనీరును మాట్లాడుతున్నాను. ఏరు పెరుగుతోంది. మీరు తిన్నె ఖాళీ చెయ్యాలి."

"ఎంత టైముందయ్యా? బాతులు అవతల మళ్ళలో ఉన్నాయి. వాటిని తోలుకురావాల."

"పద్నాలుగు గంటలుంది. తెల్లారేలోపు గట్టెక్కితే చాలు. కంగారు పడొద్దు."

"అట్టాగేనయ్యా. మంచి మాట చెప్పారు. మావోళ్ళని వండమంటా. ఇంత తిని సర్దుకుంటాం."

కోదండపాణి ఫోను పెట్టేసి, ఆ మాట రిజిస్టరులో రాశాడు. సకాలంలో చెప్పగలిగినందుకు అతని మనసు కాస్త తేలికపడింది.

దాదాపు గంట తర్వాత పుష్పవల్లి తడిసి ముద్దై వచ్చింది. తెర వైపు చూసి ఆగిపోయింది.

"మొల్లపాడు వాళ్ళకి చెప్పారా సార్?"

"అప్పుడే చెప్పాను. పద్నాలుగు గంటలని."

"అది పద్నాలుగు కాదు సార్. ఒకటి."

కోదండపాణి మళ్ళీ చూశాడు. అప్పటికీ అతనికి పద్నాలుగే కనపడింది. తర్వాత మెల్లగా ఆ నాలుగు విడిపోయి పక్కకు జరిగినట్టయింది. కొండల్లో కుండపోత పడి, నీరు గంట దూరంలోకి వచ్చేసిందని ప్రోగ్రాం సరిగ్గానే చెప్పింది. ఆ గంట కూడా అయిపోయింది.

వెంటనే ఫోను చేశాడు. ఈసారి పోలయ్య భార్య అంకమ్మ ఎత్తింది.

"అమ్మా, ఇప్పుడే గట్టు మీదికి వెళ్ళిపోండి. ఏమీ సర్దొద్దు. ఉన్నవాళ్ళు ఉన్నట్టే పరుగెత్తండి."

"తెల్లారేదాకా టైముందని మా ఆయనతో చెప్పారంట గదయ్యా? ఆయన బాతుల కోసం అవతలికి పోయాడు. కూడు పొయ్యి మీదుంది."

"నేను తప్పు చెప్పానమ్మా. వెంటనే వెళ్ళండి."

"ఉండండయ్యా, మా బావకి చెప్పండి," అంటూ ఆమె ఎవరినో పిలిచింది. ఆ పిలుపు వెనక, దూరంగా లారీలు వస్తున్నట్టు ఒక హోరు వినపడింది. ఫోను తెగిపోయింది. మళ్ళీ చేస్తే మోగలేదు.

అంకమ్మ, ఆమె బావ కోటయ్య, కోటయ్య భార్య ఆ తిన్నె మీద నుంచి తిరిగి రాలేదు. ఇద్దరి శవాలు మర్నాడు దొరికాయి. అంకమ్మ దొరకలేదు. బాతుల కోసం అవతలికి వెళ్ళిన పోలయ్య ఒక్కడే బతికాడు.

నాలుగో రోజున విచారణకు ఒక పెద్ద అధికారి వచ్చాడు. డ్యూటీ పట్టిక చూసి, "ఆ సమయానికి ఇక్కడ పుష్పవల్లి పేరుంది. లెక్క చదివింది ఆవిడేనా?" అని అడిగాడు.

కోదండపాణికి తన ఉద్యోగం, తన పేరు కళ్ళ ముందు మెదిలాయి. పుష్పవల్లి అతని వైపు చూడలేదు, నేల చూస్తూ నిలబడింది. ఆమె చెప్పినా ఎవరూ నమ్మకపోవచ్చని అతనికి తెలుసు.

"చదివింది నేను సార్," అన్నాడు చివరికి. "దాన్ని దిద్దమని ఆమె రెండుసార్లు అడిగింది. నేను వినలేదు." రిజిస్టరు తీసి, తను సంతకం చేసిన పేజీ అధికారి ముందు పెట్టాడు.

అతన్ని సస్పెండ్ చేశారు. బయటికి వెళ్ళేముందు అనుమతి అడిగి, పుష్పవల్లి పక్కన నిలబడి చూస్తుండగా, ప్రాంప్టు ఎప్పుడూ కొత్త వరుసలో మొదలయ్యేలా మార్చాడు. రెండు ముక్కల పని. నాలుగు నిమిషాలు పట్టింది.

అక్కడి నుంచి మొల్లపాడు బడికి వెళ్ళాడు. వరద బాధితుల్ని అక్కడే ఉంచారు. పోలయ్య వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తిడతాడని, కొడతాడని, అన్నింటికీ సిద్ధపడే కోదండపాణి వెళ్ళాడు. తను ఎవరో చెప్పగానే పోలయ్య తడబడుతూ లేచి నిలబడ్డాడు.

"అయ్యా, మిమ్మల్నే ఒక మాట అడగాలనుకుంటున్నా," అన్నాడు. "గంటే ఉందని మీ లెక్కలో వచ్చిందంట గదా. వానలో ఫోను సరిగ్గా వినపడలా. మీరు ఒకటి అన్నారో, పద్నాలుగన్నారో. నేనే తప్పుగా విన్నానేమోనని అప్పట్నుంచీ కంటి మీద కునుకు లేదు. నా వల్లే పోయారా అయ్యా వాళ్ళు?"

కోదండపాణి తల అడ్డంగా ఊపాడు.

"లేదు పోలయ్యా. నువ్వు సరిగ్గానే విన్నావు. పద్నాలుగనే చెప్పాను. తప్పు నాది."

పోలయ్య అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. కోదండపాణి చీకటి పడేదాకా ఆ వరండా మెట్ల మీదే ఉన్నాడు. పోలయ్య మళ్ళీ ఇటు తిరగలేదు.

మనకు అలవాటైపోయిన తప్పు మనకు తప్పులా కనపడదు. అందుకే ఎవరైనా చూపించిన రోజే దాన్ని దిద్దుకోవాలి.