అడ్డగడియ

సుమనుడు అబద్ధమాడడు. ఆ సంగతి విహారంలో అందరికీ తెలుసు. తెలియనివారెవరైనా ఉంటే అతడే చెప్పేవాడు.

ఆ యువభిక్షువుకు అప్పగించిన పని పుణ్యభద్ర స్థవిరుడి సేవ. ఎనభై దాటిన ఆ వృద్ధభిక్షువుకు జ్ఞాపకం చెదిరిపోయింది. పొద్దు వాలగానే కుండ తీసుకుని నదికి బయలుదేరేవాడు. తన గురువు వచ్చే వేళయిందట. కాళ్లు కడగడానికి నీళ్లు సిద్ధం చేయాలట.

“మీ గురువుగారు పోయి నలభై ఏళ్లయింది” అనేవాడు సుమనుడు.

పుణ్యభద్రుడు ఆ మాటను ప్రతిరోజూ మొదటిసారి వినేవాడు. ప్రతిరోజూ కొత్తగా ఏడ్చేవాడు. కన్నీళ్లు ఆరాక మళ్లీ కుండ వెతుక్కునేవాడు.

ఒకనాడు సుమనుడు ఏమరగానే ఆయన నది మెట్ల మీద జారాడు. మోచెయ్యి చీరుకుపోయింది. ఇంకో రెండు మెట్లు దిగితే లోతు నీరు.

మరునాడు సుమనుడు చండ్రకర్రతో అడ్డగడియ చెక్కి, ఆచార్య ధర్మనంది ముందు పెట్టాడు.

“నిజం చెబితే ఏడుస్తున్నారు. చెప్పకపోతే నదికి పోతున్నారు. అబద్ధం నేను చెప్పలేను. సాయంత్రాలు తలుపుకు బయటినుంచి ఇది వేస్తాను, అనుమతించండి.”

ధర్మనంది గడియను తిప్పి చూశాడు.

“నున్నగా చెక్కావు” అన్నాడు. “సాయంత్రం వస్తాను.”

వచ్చి, వృద్ధుడి గది గడప మీద కూర్చున్నాడు. కుండతో వచ్చిన పుణ్యభద్రుడు ఆగాడు.

“అడ్డు లేవయ్యా. మా గురువుగారు వచ్చే వేళయింది.”

“ఆయన ఏ దారిన వచ్చేవారు, భంతే?”

“కొండదారిన. కాళ్లనిండా ఎర్రమట్టి.” వృద్ధుడి ముఖం విచ్చుకుంది. “ఆయనతో సమంగా నడవాలంటే ఎద్దుకైనా ఆయాసం రావలసిందే.”

“రాగానే ముందు నీళ్లే అడిగేవారా?”

పుణ్యభద్రుడు ఆచార్యుణ్ణి జాలిగా చూశాడు.

“నీకెవరూ ఏమీ నేర్పలేదా? ముందు ఆసనం. తరువాత కాళ్లపీట. నీళ్లు ఆ తరువాత.”

“ఆసనం పరిచారా?”

వృద్ధుడు కుండ వైపు చూశాడు. గది వైపు చూశాడు.

“లేదు” అని వెనక్కి తిరిగాడు.

కుండను గోడవార పెట్టి చాప విప్పాడు. “ఊరికే నిలబడ్డావేం? ఆ కొస పట్టుకో” అన్నాడు సుమనుడితో. ముడత పోలేదని మూడుసార్లు తీయించి మళ్లీ పరిపించాడు. దీపాలు పెట్టేసరికి ఆ చాప పక్కనే కునుకు తీస్తున్నాడు.

సుమనుడు బయటికి వచ్చాడు.

“ఆచార్యా, ఆయన గురువు వస్తాడని మీరూ నమ్మించారు కదా?”

“నేనేం చెప్పాను?”

సుమనుడు ఒక్కొక్క మాటే గుర్తు చేసుకున్నాడు. ఆచార్యుడు చెప్పినది ఏమీ లేదు. అడిగాడు, అంతే.

“ఏడాదిగా ఆయన దగ్గర ఉంటున్నావు” అన్నాడు ధర్మనంది. “ఆ గురువుగారి పేరేమిటి?”

సుమనుడికి తెలియదు. గడియను చేతిలోకి తీసుకుని అడిగాడు: “ఈ గడియను ఏం చేయమంటారు?”

“ఆయన జారిన మెట్టు దగ్గర గోడకు బిగించు. చేతికి ఆసరా అవుతుంది.”

తెల్లవారాక సుమనుడు దాన్ని బిగించి వచ్చాడు. పొద్దు వాలే వేళకు తానే వెళ్లి గడప మీద కూర్చున్నాడు. కుండతో వృద్ధుడు వచ్చాడు.

“భంతే, మీ గురువుగారి పేరేమిటి?”

పుణ్యభద్రుడు కుండ కింద పెట్టాడు.