మట్టి అంటని భుజాలు

అనగనగా ఒక రాజ్యం. అక్కడ కుస్తీ అంటే జనం చెవి కోసుకునేవారు. ఆ రాజ్యంలోకెల్లా పేరుమోసిన, కుస్తీ నేర్పే తాలింఖానాకు పోలినాయుడు పెద్ద వస్తాదు. మంచివాడే, కాని గొప్పలు చెప్పుకోనిదే ముద్ద దిగదు పాపం!

ఒకనాడు ఆయన తోలుబొమ్మలాడించే లింగవ్వను పిలిచి, తాలింఖానా చరిత్రను ఆటగా కట్టమన్నాడు. ఆమె కట్టి చూపించింది.

"మా నాన్న మొసలిపట్టులో చిక్కి ఓడిపోయిన ఘట్టం ఎందుకు? తీసెయ్" అన్నాడు. తీసేసింది.

"ఆ పట్టు విడిపించుకోవడం ఆయనకు నేర్పిన మావటివాడెందుకు? తీసెయ్." తీసేసింది.

"బొమ్మల భుజాలకు ఆ మట్టేమిటి? కడిగెయ్."

"మట్టి అంటకుండా మల్లుడెలా అవుతాడు నాయనా?"

"చెప్పింది చెయ్యి!"

కడిగేసింది. ఇక ఏటేటా అదే ఆట, 'మా భుజం నేలకు ఆనదు' అని అదే పాట. కుర్రాళ్లకు కంఠతా వచ్చేసింది. మొసలిపట్టు విడిపించుకోవడం నేర్పితే ఓటమి సంగతీ చెప్పాలి. అందుకని పోలినాయుడు దాన్ని ఎవరికీ నేర్పలేదు, కన్నకొడుకు జగ్గడికి కూడా.

కొన్నేళ్లకు పొరుగు రాజ్యపు మల్లుడొకడు వచ్చి సవాలు విసిరాడు. రాజుగారు జగ్గణ్ణి గోదాలోకి దింపారు. కాసేపు బాగానే సాగింది. అంతలో ఆ మల్లుడు జగ్గడి మెడ చుట్టూ చెయ్యి బిగించాడు.

మొసలిపట్టు! పోలినాయుడు చప్పున పోల్చుకున్నాడు.

ఒక్క భుజం నేలకు ఆనించి దొర్లితే చాలు, పట్టు ఊడుతుంది. వీపు ఆనితేనే గదా ఓటమి! కాని జగ్గడు భుజానికి మట్టి తగలనివ్వడే! పైకి లేవబోతున్నాడు. లేచేకొద్దీ పట్టు బిగుస్తోంది. కళ్లు తేలేస్తున్నాడు.

చుట్టూ ఊరంతా ఉంది, ఎదురుగా రాజుగారున్నారు. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే కొడుకు పోతాడు.

"ఒరేయ్ జగ్గా! భుజం ఆనించి దొర్లరా! మీ తాత ఈ పట్టులోనే ఓడిపోయాడురా! ఓడాకే ఇది నేర్చుకున్నాడు!" అని గావుకేక పెట్టాడు పోలినాయుడు.

జనం నోళ్లు వెళ్లబెట్టారు. జగ్గడు దొర్లాడు. పట్టు ఊడింది. ఆ ఊపులోనే మల్లుణ్ణి వెల్లకిలా పడేశాడు.

గెలిచినవాడు తండ్రి దగ్గరికి వచ్చి, మెడ తడుముకుంటూ, "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు నాన్నా?" అన్నాడు. పోలినాయుడు సరాసరి లింగవ్వ ఇంటికి వెళ్లాడు.

"ఆ తీసేసిన బొమ్మలున్నాయా అవ్వా?"

"తీసెయ్యమన్నావు గాని, చింపెయ్యమన్లేదుగా నాయనా!" అంటూ ఆమె పెట్టె మూత తెరిచింది.

విన్నారుగా పిల్లలూ! పెద్దలు దాచిన ఓటమి పిల్లల మెడకు చుట్టుకుంటుంది.