పల్లకీ మోసిన ఆలస్యం

పూర్వం ఒక రాజ్యంలో, తల్లిదండ్రులు పని నుంచి తిరిగొచ్చేదాకా బడిపిల్లలు ఉండటానికి రాజుగారు ఒక చావడి కట్టించారు. దాని అధికారి దండపాణి. సాయంత్రం గంట మోగేలోగా రానివాళ్ల పిల్లలకు మర్నాటినుంచి చోటు లేదని ఆయన చాటింపు వేయించాడు.

దండపాణి పల్లకీ మోసే బోయీల్లో పోలయ్య ఒకడు. తల్లి లేని తన కూతురు సీతాలును అక్కడే ఉంచేవాడు. ఆరోజు అధికారి కోటలో కబుర్లలో పడి ఆలస్యంగా బయల్దేరాడు. సగం దారిలోనే గంట వినిపించింది. పోలయ్యకు కూతురే గుర్తొచ్చింది. రేపటినుంచి ఆ పసిది ఏటి ఒడ్డు గుడిసెలో ఒంటరిగా ఎలా ఉంటుంది?

చావడి ముందు పల్లకీ దిగుతూనే దండపాణి, "గంట మోగాక వచ్చావు పోలయ్యా. రేపు నీ పిల్లని పంపకు," అన్నాడు.

పోలయ్య చేతులు జోడించాడు. "చిత్తం దొరా. గంట వేళకి తమరు గుమ్మంలో ఉండాలని రాజుగారి ఆజ్ఞ కదా. నేను ఆలస్యంగా వచ్చినట్టయితే, నా భుజాల మీద వచ్చిన తమరు వేళకు వచ్చినట్టా? రాజుగారు అడిగితే ఏం చెప్పమంటారు?"

దండపాణి ముఖం పాలిపోయింది. మీసం నిమురుకుని, గంట కొట్టే కావలివాడి మీద విరుచుకుపడ్డాడు. "ఏరా, ఇంకా గంట కొట్టలేదేం? కొట్టు!"

కావలివాడు తెల్లబోయి సుత్తి అందుకునేలోగా, తామూ గంట దాటాకే వచ్చి గోడవారన బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ తల్లులంతా లోపలికి పరుగెత్తారు. అందరికంటే ముందు పోలయ్యే ఉన్నాడు.