పచ్చయ్య పెట్టిన గుడ్లు

మచిలీపట్నంలో గడియారాలు బాగుచేసే భుజంగరావు అనే ఒకాయన ఉండేవాడు. చేతిపనిలో ఎంత నేర్పరో, తనకు తెలియని సంగతి కూడా ఉంటుందని ఒప్పుకోవడంలో అంత మొండివాడు.

ఆగిపోయిన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకొని ఒకసారి ఊపి చూస్తే చాలు, లోపల ఏం చెడిందో చెప్పేసేవాడు. చాలాసార్లు ఆయన చెప్పిందే నిజమయ్యేది. ఆ అలవాటు మెల్లగా గడియారాలు దాటి బయటికి వచ్చింది. పొరుగింటి నీళ్ల మోటారు మొరాయించినా, ఎవరికైనా జ్వరం వచ్చినా ఆయనే కారణం చెప్పేవాడు, ఆయనే విరుగుడు చెప్పేవాడు. ఎదుటివాళ్లు ఏదైనా చెప్పబోతే, "నాకు తెలుసు" అని మధ్యలోనే ఆపేసేవాడు.

భుజంగరావు పెళ్లి చేసుకోలేదు. చిన్నప్పుడే తల్లి పోతే, అక్క మాణిక్యమ్మ ఆయన్ను పెంచింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. వీధివైపు గది దుకాణం, వెనుక గదులు కాపురం. కిందటేడు మాణిక్యమ్మకు పక్షవాతం వచ్చింది. కొన్ని వారాలకు మాట తిరిగి వచ్చింది గానీ ఎడమ చెయ్యి, ఎడమ కాలు రాలేదు. అప్పటినుంచి ఆమె మంచం మధ్యగదిలో కిటికీ పక్కన ఉండేది. తమ్ముడే ఆమెకు అన్నం తినిపించేవాడు, జడ వేసేవాడు. ఆ విషయంలో ఆయన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు.

"ఎడమ చేతి వేళ్లు రోజూ కదుపుతూ ఉండాలి. అప్పుడే బలం వస్తుంది" అని డాక్టరు చెప్పాడు. మాణిక్యమ్మ వినేది కాదు.

"కదిపి ఏం చెయ్యను రా? ఇంకెవరికి వండిపెట్టాలి?" అని గోడవైపు తిరిగి పడుకునేది.

ఆమెకు కాస్త కాలక్షేపంగా ఉంటుందని భుజంగరావు ఒకరోజు పంజరంలో రెండు చిన్న చిలకలు తెచ్చాడు. మన ఊళ్లలో అందరూ లవ్ బర్డ్స్ అంటారే, ఆ బడ్జీ పిట్టలు. ఒకటి పచ్చది, ఒకటి నీలంది. రెండూ ఇంకా పిల్లలే.

"రెండూ మగవే అక్కా. నేను చూసి ఏరి తెచ్చాను. గుడ్లూ పిల్లలూ అనే గొడవ ఉండదు" అన్నాడు.

మాణిక్యమ్మ వాటికి పచ్చయ్య, నీలయ్య అని పేర్లు పెట్టింది. పంజరం మంచానికి ఎడమవైపు ఉండటంతో, గింజలు అందించాలంటే ఎడమ చెయ్యే చాపాలి. మొదట్లో కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి పంజరం మీద పెట్టేది. నెల తిరిగేసరికి రెండు వేళ్లు వాటంతటవే వంగాయి. నాలుగు నెలలకు కొర్రగింజ పట్టుకొని కమ్మీల మధ్య పెట్టగలిగింది. పచ్చయ్య వచ్చి ఆ వేళ్ల మధ్యనుంచి గింజ తీసుకుంటే, ఆమె వంకర నోటితోనే నవ్వేది. అక్క నవ్వు చూసి భుజంగరావు దుకాణంలో కూర్చొని ఈల వేసేవాడు.

వేసవి దాటాక పచ్చయ్య తీరు మారింది. ముక్కు పైనుండే మెత్తటి పొర గోధుమరంగుకు తిరిగి గరుకుగా అయింది. పంజరం అడుగున పరిచిన కాగితాన్ని ముక్కుతో చీల్చి మూలకు చేర్చేది. ఎవరైనా చెయ్యి పెడితే పొడిచేది. నీలయ్య గింజలు నమిలి దాని నోట్లో పెట్టేది.

"ఒరేయ్ భుజంగం, ఇది ఆడది రా. గూడు వెతుక్కుంటోంది" అంది మాణిక్యమ్మ.

"నాకు తెలుసక్కా. అది ఆడదీ కాదు, గూడూ కాదు. ముక్కుకు ఏదో తామర లాంటిది పట్టింది, ఆ దురదకే కోపం" అన్నాడు ఆయన. రోజూ దాని ముక్కుకు కొబ్బరినూనె రాశాడు.

వారం తర్వాత పొద్దున చూస్తే కాగితం ముక్కల మధ్య చిన్న తెల్లటి గుడ్డు ఉంది. పచ్చయ్య దాన్ని పొట్ట కింద దాచుకొని కూర్చుంది. మాణిక్యమ్మ సంతోషం పట్టలేకపోయింది. భుజంగరావు ముఖం మాత్రం మాడిపోయింది. తాను చెప్పింది తప్పయిందే అని ఆయన బాధ. చెంచాతో గుడ్డు తీసి పెరట్లో పారేశాడు.

"ఎందుకు రా తీశావు?"

"కళ్లెదుట గుడ్డు ఉంటే అదే ధ్యాసలో ఉంటుంది. తీసేస్తే మరిచిపోతుంది. నీ మంచం పక్కన ఈ కంపు దేనికి?"

పచ్చయ్య మరిచిపోలేదు. రోజంతా ఆ మూల కాగితాలు తిరగేస్తూ వెతికింది. ఒక రోజు విడిచి ఇంకో గుడ్డు పెట్టింది. ఆయన దాన్నీ తీశాడు. మూడోదీ తీశాడు. ప్రతిసారీ అది చెంచా మీద పడి పొడిచేది, తర్వాత ఖాళీ మూలను పొదుగుతూ కూర్చునేది. మాణిక్యమ్మ అటు చూడలేక కళ్లు మూసుకునేది.

ఆ రోజుల్లోనే పక్క వీధి ఖుర్షీద్ బేగం గోడగడియారం బాగుచేయించడానికి వచ్చింది. ఆమె తన డాబా మీద పాతికేళ్లుగా పిట్టలను పెంచుతోంది. మాణిక్యమ్మను పలకరించడానికి లోపలికి వచ్చి పంజరం చూసింది. సంగతంతా విని కంగారుపడింది.

"అన్నగారూ, గుడ్లు తీయకండి. తీసేకొద్దీ పోయినవాటికి బదులు ఇంకా పెడుతుంది. దాని ఒళ్లు గుల్లయిపోతుంది. పిల్లలు వద్దనుకుంటే గుడ్లను ఉడికించి, చల్లార్చి మళ్లీ అక్కడే పెట్టండి. మూడు వారాలు పొదిగి, లాభం లేదని అదే వదిలేస్తుంది. సాయంత్రం కాగానే పంజరం మీద గుడ్డ కప్పండి. ఎక్కువసేపు వెలుతురుంటే ఇంకా గుడ్లకొస్తాయి. మంగినపూడి ఒడ్డున సముద్రపు నురుగు అని తెల్లటి బిళ్లలు దొరుకుతాయి కదా, వాటిలో ఒకటి పంజరానికి కట్టండి. కొరుక్కు తింటే సున్నం అందుతుంది. కావాలంటే రేపు నేనే తెచ్చిస్తాను."

"అక్కర్లేదమ్మా, నాకు తెలుసు" అన్నాడు భుజంగరావు. "ఇన్ని చక్రాలున్న గడియారాన్ని విప్పి బిగిస్తున్నాను, గుప్పెడు పిట్ట నాకో లెక్కా?"

ఖుర్షీద్ బేగం మాణిక్యమ్మ వైపు చూసింది. ఆమె వెళ్లాక మాణిక్యమ్మ, "ఆవిడ చెప్పినట్టు చేసి చూడకూడదూ?" అని మెల్లగా అడిగింది.

"ఊళ్లో అందరి మాటా వింటూ కూర్చుంటే అయినట్టే" అన్నాడు తమ్ముడు. నాలుగోది, అయిదోది, ఆరోది, ఏడోది, అన్నీ తీసి పారేశాడు.

ఏడో గుడ్డు తీసిన మూడోరోజు పొద్దున పచ్చయ్య పంజరంలోని పుల్ల మీదికి ఎక్కలేదు. ఈకలు ఉబ్బించుకొని పంజరం అడుగున కూర్చుంది. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోంది. కాళ్లు నిలవడం లేదు. మాణిక్యమ్మ గింజ చూపించింది. అది తల కూడా ఎత్తలేదు.

"భుజంగం! దీనికి ప్రాణం మీదికి వచ్చింది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లు. రెండు వీధులేగా!"

"అక్కడ గేదెలకు మందిస్తారు. పిట్టల సంగతి వాళ్లకేం తెలుసు?" అంటూ ఆయన కంటికి భూతద్దం తగిలించుకొని పచ్చయ్యను చేతిలోకి తీసుకున్నాడు. తోక కింద ఉబ్బు కనిపించింది. "ఇంతేనా! గుడ్డు అడ్డం పడింది. నూనె రాసి సర్దితే వచ్చేస్తుంది."

ఆముదం వేడిచేసి రాశాడు. అరగంట చూశాడు, మళ్లీ రాశాడు. ఎనిమిదింటికి మొదలుపెట్టిన పని పదకొండయినా తెమలలేదు. మాణిక్యమ్మ బతిమాలింది, తిట్టింది, చివరికి ఏడ్చింది. "ఇదిగో, అయిపోయింది" అంటూనే ఉన్నాడు ఆయన. ఇక లాభం లేదని వేలితో మెల్లగా నొక్కాడు. పచ్చయ్య నోరు తెరిచింది. గొంతులోంచి చప్పుడు రాలేదు.

దాన్ని తువ్వాలులో చుట్టుకొని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ బల్ల మీద పెట్టి చూసేసరికే దాని కళ్లు సగం మూసుకుపోయాయి. ఆమె ఇంజెక్షన్ సిద్ధం చేస్తుండగానే పచ్చయ్య ఒకసారి రెక్క విదిల్చి ఆగిపోయింది.

"ఎన్ని గుడ్లు పెట్టింది?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏడు. ఇది ఎనిమిదోది."

"తన ఎముకల్లోని సున్నమంతా తీసి గుడ్లకే పోసింది. చివరిదాన్ని బయటికి తోసే సత్తువ మిగల్లేదు. పొద్దున్నే తెచ్చి ఉంటే వెచ్చగా ఉంచి, కాల్షియం ఇచ్చి కాపాడటానికి చూసేవాళ్లం. ఇంతసేపు ఏం చేశారు?"

భుజంగరావు పచ్చయ్యను మళ్లీ తువ్వాలులో చుట్టుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి మాణిక్యమ్మ గుమ్మం వైపే చూస్తోంది. తువ్వాలు చూడగానే ఆమెకు అర్థమైంది. పంజరంలో నీలయ్య గింజ నమిలి నోట పట్టుకొని, పచ్చయ్య కూర్చునే మూల దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటికీ అక్కడినుంచి కదల్లేదు.

భుజంగరావు పెరట్లో గొయ్యి తీసి పచ్చయ్యను పాతిపెట్టి వచ్చాడు. అక్క మంచం పక్కన కూలబడ్డాడు. ఆమె తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది. ఆమె తిట్టలేదు.

"నాకూ ఇలాగే నూనె రాశావు రా" అంది.

ఆయనకు ఆ మాట మొదట అర్థం కాలేదు.

"కిందటేడు ఆ రోజు పొద్దున, చెయ్యి తిమ్మిరెక్కింది, మాట తడబడుతోంది, ఆసుపత్రికి పోదాం అన్నాను. నాకు తెలుసక్కా, వాతం నొప్పి అన్నావు. మధ్యాహ్నం దాకా వేడినూనె రాస్తూ కూర్చున్నావు. చెయ్యి పూర్తిగా పడిపోయాక ఆటో పిలిచావు. మూడు గంటల ముందు తెచ్చి ఉంటే చెయ్యీ కాలూ దక్కేవేమో అన్నాడు డాక్టరు. నువ్వు మందులకు వెళ్లినప్పుడు అన్నాడు. నీకు చెప్పొద్దని సైగచేసి బతిమాలుకున్నాను."

"ఎందుకు చెప్పలేదక్కా?"

"చెబితే నువ్వు తట్టుకోలేవని. పెంచిన చేతులు కదా, నిన్ను నొప్పించడానికి మనసు రాలేదు. ఆ రోజే చెప్పి ఉంటే ఈ పిట్టయినా బతికేదేమో. నాదీ తప్పే."

భుజంగరావు ఆమె ఎడమచేతిని తీసుకొని కళ్లకు అద్దుకున్నాడు. చాలాసేపు వెక్కివెక్కి ఏడ్చాడు.

మర్నాడు పొద్దున ఆయన ఖుర్షీద్ బేగం గుమ్మంలో నిలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు.

"నువ్వు చెప్పింది వినలేదమ్మా. ఆ రెండోది నిన్నటినుంచి తినడం లేదు. ఏం చెయ్యాలో నాకు తెలియదు. నువ్వే చెప్పాలి" అన్నాడు.

ఖుర్షీద్ బేగం వెంటనే వచ్చి నీలయ్యను చూసింది. "ఇవి గుంపులో బతికే పిట్టలు. ఒంటరిగా ఉంటే దిగులుతో పోతుంది. మా డాబా మీద మిగతావాటితో కలిపితే తేరుకోవచ్చు. మీరిద్దరూ సరేనంటేనే" అంది.

భుజంగరావు అక్క వైపు చూశాడు. మాణిక్యమ్మ పంజరం వైపు చాలాసేపు చూసింది. "తీసుకెళ్లమ్మా. ఇది కూడా నా కళ్లముందు పోతే నేను చూడలేను" అంది. ఎడమచేతి రెండు వేళ్లు కమ్మీల మధ్య పెట్టింది. నీలయ్య వచ్చి ఆ వేళ్లకు తల ఆనించింది. తర్వాత ఖుర్షీద్ బేగం పంజరం ఎత్తుకొని వెళ్లిపోయింది.

ఖుర్షీద్ బేగం డాబా మీద నీలయ్య బతికింది. మాణిక్యమ్మ మాత్రం ఆ తర్వాత ఎడమచెయ్యి చాపలేదు. భుజంగరావు రోజూ డాక్టరును అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టే చేసేవాడు. అక్క చేతిని తన చేతిలోకి తీసుకొని ఒక్కో వేలూ వంచి చూసేవాడు. వచ్చిన కాస్త బలమూ మెల్లగా పోయింది. ఆ వేళ్లు మళ్లీ గింజ పట్టుకోలేదు.

పిల్లలూ, తెలియని సంగతి తెలిసినవాళ్లను అడగడం చిన్నతనం కాదు. తెలియకపోయినా తెలుసునని పంతం పడితే, ఆ పంతానికి మూల్యం మనల్ని నమ్ముకున్న ప్రాణాలు చెల్లించవలసి వస్తుంది.