దించిన తీగ

పేరిశాస్త్రి గారి వయొలిన్ అంటే విజయనగరం చెవి కోసుకునేది. ఆయన శిష్యురాలు హైమవతికి మాత్రం ఆ వయొలిన్ వల్లే చిక్కొచ్చిపడింది.

కిందటేడు కొత్త రచనల సభలో, తను కట్టిన పాటను తనే వాయించింది. "కళ్ళు మూసుకుంటే అచ్చం మీ మాస్టారే!" అని అంతా మెచ్చుకున్నారు. ఆ పూటకి మురిసిపోయింది. ఇంటికెళ్ళాక, మరి నేనెక్కడున్నాను అనుకుని కుమిలిపోయింది. ఈ ఏడూ అదే మాట పడితే ఇక పాట కట్టడం మానేద్దామనుకుంది.

కొత్త రచన పట్టుకుని మళ్ళీ గురువు దగ్గరికే వచ్చింది. ఆయన తమలపాకుకి సున్నం రాస్తూ విన్నారు. ఆమె ఒక సంగతి ముగించేలోపే తర్వాతిది కూనిరాగం తీసేశారు. ఆమె వాయించింది సరిగ్గా అదే. మళ్ళీ అంతే. ఆ మళ్ళీనూ అంతే.

హైమ కమాను దించేసింది.

"నిన్న కట్టిన పాట ఇది! మీకెలా తెలిసిపోతోంది మాస్టారూ?"

"కట్టింది నువ్వు కాదే, నీ వేళ్ళు. వాటికి నేర్పింది నేనేగా!"

ఆయన ఆమె వయొలిన్ అందుకుని మొదటి తీగ బిరడా కాస్త వదులు చేశారు. పంచమం పలికే తీగ మధ్యమానికి జారింది.

"సభ అయ్యేదాకా దీన్ని సరిచెయ్యకు," అని ఆకు నోట్లో పెట్టుకున్నారు.

ఇంటికెళ్ళి వాయిస్తే ఒళ్ళు మండిపోయింది. అలవాటైన చోట వేలు పెడితే అపస్వరం. చిన్నప్పటి నుంచి చేసిన సాధనంతా పనికిరాకుండా పోయింది. ఏడ్చింది కూడా.

ఏడ్చి ఏడ్చి, వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని పాడటం మొదలుపెట్టింది. తనకి ఏది వినాలనుందో అది. తర్వాత తీగ మీద దాన్ని వెతుక్కుంది. దొరకడానికి చాలా రోజులు పట్టింది. దొరికిన రోజున ఒక్కతే గదిలో పగలబడి నవ్వింది.

సభనాడు పేరిశాస్త్రి గారు ముందు వరసలో కూర్చున్నారు. పాట మొదలైంది. అలవాటుగా తర్వాతి సంగతి కూనిరాగం తీశారు. పాట అటు పోలేదు. మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ తప్పారు. ఆ తర్వాత ఆయన కూనిరాగం మాని, చెవులు రిక్కించి కూర్చున్నారు. పాట ముగిశాక హాలంతా లేచి నిలబడింది. మీ మాస్టారిలా ఉందని ఆ రోజు ఒక్కరూ అనలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్ళింది.

"మూడో తీగ కూడా దించావా?" అడిగారాయన.

"సరిచెయ్యొద్దన్నది మొదటిదాన్నే కదండీ. మూడోది నాకే తోచింది."

ఆయన లేచి, శిష్యులు కూర్చునే చాప మీద కూర్చుని, తన వయొలిన్ ఒళ్ళోకి తీసుకున్నారు. మూడో తీగ బిరడా మీద చెయ్యి వేశారు.

"ఎంత దించాలో చెప్పమ్మా."