గంగులు చెలమకు పడ్డ దారులు

అనగనగా, మీ అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మ కూడా పుట్టని రోజుల్లో, ఒక అడవిలో గంగులు అనే ఎలుగుబంటి ఉండేవాడు.

వేసవి వస్తే అక్కడి వాగు ఎండిపోయేది. అప్పుడు అందరికీ చెలమలే దిక్కు. చెలమంటే తెలుసా? ఇసుకలో గుంట తీస్తే అడుగున నీళ్ళు ఊరతాయే, అది. రోజూ పాత నీళ్ళు తోడేస్తేనే కొత్త నీళ్ళు ఊరతాయి. గంగులు వాళ్ళ అమ్మ తెల్లారకముందే లేచి తోడేది. ఆ తడి ఇసుక వాసన, నీళ్ళకోసం వరస కట్టిన జింకలు, ఏనుగులు. ఎంత మంచి రోజులో అవి.

అమ్మ పోయింది. చెలమ గంగులు చేతికొచ్చింది. వాడికేమో తోడటమంటే బద్ధకం. వచ్చేవాళ్ళు తగ్గారు. దారుల్లో గడ్డి మొలిచింది.

అడవికి కొత్తగా వచ్చినవాళ్ళు "మంచినీళ్ళు ఎక్కడ?" అని కొండమీది గద్దను అడిగేవారు. గద్ద అన్ని చెలమల నీళ్ళూ తాగి చూడలేదు కదా. ఏ చెలమకు ఎక్కువ దారులు పడ్డాయో పైనుంచి చూసి, ఆ వరసలో పేర్లు చెప్పేది. ఇప్పుడు మీరు ఫోనులో వెతికితే, ఏ వెబ్‌సైటు ముందు రావాలో వేరే సైట్ల నుంచి దానికొచ్చే లింకులు చూసి తేలుస్తారే, అచ్చం అలాగే. గంగులు పేరు చివరికి జారింది. రాకపోకలు లేని చెలమను గాలి ఇసుకతో పూడ్చేస్తుంది. అమ్మ చెలమ పూడిపోతుందని గంగులుకు బెంగ పట్టుకుంది.

అప్పుడొచ్చింది నక్క. "బెంగెందుకు గంగులు మామా? గద్ద చూసేది దారులనే. ఆ దారులేవో నేను వేయిస్తాను. రోజుకో తేనెపట్టు ఇవ్వు చాలు" అంది.

నక్క కోతుల్ని పోగేసింది. అవి ముళ్ళపొదల్లోంచి చెలమ దాకా గెంతి దారులు తొక్కాయి. అవి చాలక, బురదగుంటలోని గేదెలతో "మీ దారి ఇటు కలపండి, మా దారి అటు కలుపుతాం" అని బేరమాడింది. అదీ చాలక పాడుబడ్డ పుట్టల దగ్గర్నుంచి కూడా దారులు గీయించింది. తేనెపట్లు తేవడంతోనే గంగులుకు పొద్దు గడిచిపోయింది. ఇక చెలమ తోడేదెవరు?

గద్ద పైనుంచి చూసి "ముందు గంగులు చెలమకు పోండి" అంది. మండుటెండలో అడవంతా అటే కదిలింది. గంగులు పొంగిపోయాడు. ముందుగా ఒక దుప్పిపిల్ల మూతి పెట్టి, వెంటనే ఉమ్మేసింది.

"అమ్మా, ఈ నీళ్ళు కంపు కొడుతున్నాయి."

వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. గద్దకు కోపం వచ్చింది. కిందికి దిగి, ఒక్కో దారీ పట్టుకుని వెతికింది. ఒకటి ముళ్ళపొదలో మొదలైంది. ఒకటి బురదగుంటలో. ఇంకొకటి ఎవరూ లేని పుట్టలో.

"ఈ దారులు వేసినవాళ్ళలో దాహంతో వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇక నీ పేరు నా నోట రాదు, గంగులూ" అంది గద్ద. నక్క అప్పటికే మూతి నాక్కుంటూ జారుకుంది.

గంగులు చెలమ గట్టున కూలబడి ఏడ్చాడు. అమ్మ ఉంటే ఏం చేసేదో వాడికి తెలుసు. అదే చేశాడు. ముళ్ళకంప ఈడ్చి దొంగదారులన్నీ చెరిపేశాడు. తెల్లారకముందే లేచి పాత నీళ్ళు తోడాడు. ఎవరూ రాలేదు. మర్నాడూ తోడాడు. ఎవరూ రాలేదు. అయినా తోడాడు.

ఒక సాయంత్రం ముసలి ఏనుగు ఒకటి అటుగా పోతూ ఆగింది. తొండం ముంచి తాగింది. చాలాసేపు కళ్ళు మూసుకుంది.

"మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఇక్కడే తాగేవాళ్ళం, నాయనా. మీ అమ్మ తోడిన నీళ్ళు ఇలాగే ఉండేవి" అంది.

మర్నాడు ఆ ఏనుగు మందనంతా వెంటబెట్టుకొచ్చింది. ఇసుకలో ఒకే ఒక్క దారి పడింది.

ఆ మధ్యాహ్నం ఒక కుందేలు కొండెక్కి నీళ్ళెక్కడని అడిగింది. గద్ద ఆ దారిని తేరిపార చూసింది.

"ఏనుగులు ఊరికే నడవవు. ముందు గంగులు చెలమకు పో" అంది.

నీతి: కొని వేయించుకున్న వంద దారుల కన్నా, దాహం తీరినవాళ్ళు వేసిన ఒక్క దారి మేలు.