ఖాళీ మంచాలు

రాజుగారు కొండసీమలో వైద్యం, దారుల బాధ్యత వల్లభరాయుడికి అప్పగించి, ఏడాది తర్వాత ఎలా ఉందో చూడటానికి వచ్చారు. వైద్యశాలలో మంచాలన్నీ ఖాళీ.

“జనమంతా ఆరోగ్యంగా ఉన్నారు ప్రభూ!” అని రాయుడు మీసం దువ్వాడు.

రాజును చూడవచ్చిన గంపలల్లే సూరమ్మకి ఇంట్లో ఉన్న నిండుచూలాలైన కోడలు గుర్తొచ్చి ఒళ్లు మండింది. “అయ్యా, తమరొక్కసారి మా ఊరి నుంచి రోగిలా ఎద్దుబండిలో పడుకుని రండి. ప్రభువులు చూసి మురిసిపోతారు,” అంది.

రాజు ఎదుట కాదనలేక రాయుడు వెళ్లాడు. సాయంత్రానికి అతన్ని నలుగురు మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు.

“ఏం జబ్బయ్యా?” అన్నారు రాజుగారు.

“జబ్బు కాదు ప్రభూ, దారి! నడుం విరిచేసింది!” అని మూలిగాడు రాయుడు.

వారం తిరగకుండా బాట బాగుపడింది. వైద్యశాలలో కోడలి పక్కన కేరుమంటున్న మనవణ్ణి చూసి సూరమ్మ హమ్మయ్య అనుకుంది.

పక్క మంచం మీద రాయుడు ఇంకా మూలుగుతూనే ఉన్నాడు.